పైక్ ప్లేస్ మార్కెట్ పెద్దలకు: అది మొదట కాఫీ పొడి కొట్టు

సియాటిల్ పైక్ ప్లేస్ మార్కెట్ సంరక్షణ, అభివృద్ధి సంస్థ పాలక మండలి సభ్యులకు,

నమస్కారం.

నేను రెడ్మండ్‌లో ఉంటాను. ఈ ఉత్తరాన్ని ఇంగ్లీషులో మీకు విడిగా పంపుతున్నాను. ముందు తెలుగులో రాసుకోవడానికి కారణం ఉంది. మీ మార్కెట్లో 1912 నంబరు గుమ్మం, అంటే మొట్టమొదటిదని పేరున్న స్టార్‌బక్స్ కాఫీ కొట్టు ముందు ఏ ఆదివారం చూసినా క్యూలో మావాళ్ల కుటుంబం ఒకటైనా ఉంటుంది. ఆ క్యూ గురించే ఈ ఉత్తరం. కాబట్టి వాళ్లూ చదవాలి.

ఇండియా నుంచి ఎవరొచ్చినా మేం తిప్పే దారి ఒకటే. స్పేస్ నీడిల్, బోయింగ్ ఫ్యాక్టరీ, స్నోక్వాల్మీ జలపాతం, చివర్లో మీ మార్కెట్. చేపలు విసిరే కొట్టు దగ్గర వీడియో, కంచు పంది మీద పిల్లల్ని కూర్చోబెట్టి ఫొటో, తర్వాత మొట్టమొదటి స్టార్‌బక్స్ ముందు క్యూ. పన్నెండేళ్లలో ఆ క్యూలో నేను ఎన్నిసార్లు నిలబడ్డానో లెక్క లేదు. కాఫీ మీద ప్రేమతో మాత్రం ఒక్కసారీ కాదు.

గత వేసవిలో మా మామగారు రాజమండ్రి నుంచి వచ్చారు. హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. క్యూలో నలభై నిమిషాలు నిలబడ్డాం. ఎవరో కుర్రాడు గిటార్ వాయిస్తున్నాడు, పక్కనున్న పిరోష్కీల బేకరీ నుంచి వెన్న వాసన వస్తోంది. మామగారు చేతులు వెనక్కి కట్టుకుని, క్లాసులో తిరిగినట్టు అటూ ఇటూ తిరుగుతూ మూడు ప్రశ్నలు అడిగారు.

"ఇదేనా బాబూ వాళ్ల మొట్టమొదటి కొట్టు?"

"ఇదేనండి."

"అప్పట్లోనూ ఇలాగే కాఫీ కలిపి ఇచ్చేవారా?"

"ఆఁ, ఇలాగేనండి."

"ఈ కొట్టు పెట్టినాయనే అన్ని దేశాల దాకా వెళ్లాడన్నమాట!"

"అవునండి, ఎనభై దేశాలు దాటింది."

ఆయనకింకా జెట్‌లాగ్ తీరలేదు. ఆ రాత్రి రెండింటికి లేచి, ట్యాబ్ ముందేసుకుని ఏమేం చదివారో ఏమో, పొద్దున్న టిఫిన్ దగ్గర కళ్లద్దాలు సర్దుకుంటూ అన్నారు: "అల్లుడు గారూ, నిన్న మూడు ప్రశ్నలడిగితే మూడూ తప్పే చెప్పారు. మూడుకి సున్నా."

తర్వాత నేనూ కూర్చుని చదివాను. నిజంగానే సున్నా. పన్నెండేళ్లుగా ఊళ్లోంచి వచ్చిన ప్రతివాళ్లకీ అదే తప్పు అప్పజెబుతున్నాను. నా చుట్టూ క్యూలో నిలబడ్డవాళ్లలోనూ ఎక్కువమంది దాన్నే నమ్ముతున్నారని నా అనుమానం. మీకు రాయడానికి కారణం అదే.

మొదటి ప్రశ్న తొందరగా తేలిపోతుంది. 1971 మార్చిలో తెరిచిన కొట్టు 2000 వెస్టర్న్ అవెన్యూలో, మార్కెట్ ఉత్తరపు కొసన ఉండేది. ఆ భవనాన్ని పడగొట్టబోతుంటే 1976లో ఇప్పుడున్న 1912 పైక్ ప్లేస్‌కి మారింది. అంటే మనం ఫొటోలు దిగేది అద్దె ఇల్లు మారాక చేరిన రెండో ఇల్లు. దీని మీద పెద్ద గొడవ చేయదలచుకోలేదు. ఇల్లు మారినా సామాను అదే కదా అనుకోవచ్చు.

రెండో తప్పుకే మా మామగారు బాగా సంతోషించారు. పెట్టింది ముగ్గురు. జెర్రీ బాల్డ్విన్ ఇంగ్లీషు మాస్టారు, జెవ్ సీగల్ హిస్టరీ మాస్టారు, గోర్డన్ బౌకర్ రచయిత. "ముగ్గురిలో ఇద్దరు పంతుళ్లా!" అని ఆయన రెండు రోజులు ఫోన్లో అందరికీ చెప్పుకున్నారు. ఒక్కొక్కరు 1,350 డాలర్లు వేసుకుని, బ్యాంకులో 5,000 అప్పు చేసి కొట్టు తెరిచారు. ఒక పాత సముద్రపు నవలలో ఓడ మీద పనిచేసే మనిషి పేరు తెచ్చి పెట్టుకున్నారు. బోర్డు మీద పేరు ఇంకా పొడుగ్గా ఉండేది: స్టార్‌బక్స్ కాఫీ, టీ అండ్ స్పైస్. అక్కడ అమ్మింది వేయించిన గింజలు, టీ ఆకు, మసాలా దినుసులు. కప్పులో కాఫీ అమ్మేవారు కాదు. రుచి చూడండని కొంచెం పోసి ఇచ్చేవారు, దానికి డబ్బు లేదు.

"అంటే మన కాఫీ పొడి కొట్టే కదా!" అన్నారు మామగారు.

ఆ మాట అన్నాకే నాకు కథంతా కళ్లకు కట్టింది. మా వైపు ఊళ్లలో కాఫీ పొడి కొట్టంటే ఏమిటో మీకు చెప్పాలి. నా చిన్నప్పుడు నాన్న సైకిల్ వెనక కూర్చుని వెళ్లేవాణ్ణి. వీధి మలుపు తిరగక ముందే వాసన తెలిసిపోయేది. కొట్టాయన "పీబెర్రీ సగం, ప్లాంటేషన్ ఏ సగమేనా? చికోరీ ఎంత వేయమంటారు?" అని అడిగి, గింజలు తూచి, మర మీద పోసేవాడు. మర చప్పుడులో మాటలు వినబడేవి కావు. పొడి వేడివేడిగా కాగితం పొట్లంలోకి దిగేది. ఆ పొట్లాన్ని పొట్టకు ఆనించుకుని సైకిలెక్కేవాణ్ణి, ఇంటికొచ్చేదాకా చొక్కా మీద వెచ్చగా ఉండేది. ఇంట్లో ఎవరికి ఎంత చికోరీ కావాలో ఆ కొట్టాయనకు గుర్తు. కాఫీ మాత్రం అక్కడ ఎవరూ తాగేవారు కాదు. తాగేది ఇంటికెళ్లి, ఫిల్టర్లో డికాక్షన్ దిగాక.

వెస్టర్న్ అవెన్యూలో ఉన్నదీ అలాంటి కొట్టే. దానికీ ఒక గురువున్నాడు. ఆల్ఫ్రెడ్ పీట్, హాలెండ్ నుంచి వచ్చినవాడు. 1966లో బర్కిలీలో కాఫీ కొట్టు పెట్టి, గింజల్ని నల్లగా వేయించడం అమెరికా వాళ్లకు అలవాటు చేశాడు. ఈ ముగ్గురూ పని ఆయన దగ్గరే నేర్చుకున్నారు. మొదట్లో గింజలూ ఆయన దగ్గరే కొని తెచ్చి అమ్మారు. తర్వాత సొంతంగా వేయించుకోవడం మొదలుపెట్టారు.

ఇక మూడో తప్పు. అసలు సంగతంతా ఇందులోనే ఉంది.

"పెట్టినాయన" అని మనం అనుకునే హోవార్డ్ షుల్ట్జ్ ఈ కొట్టు పెట్టలేదు. న్యూయార్క్ బ్రూక్లిన్‌లో, ప్రభుత్వం పేదలకు కట్టిచ్చిన ఇళ్లలో పెరిగినవాడు. ఆయన చిన్నప్పుడు తండ్రికి డ్యూటీలో కాలు విరిగితే ఇంట్లో జీతం లేదు, ఇన్సూరెన్సూ లేదు. పెద్దయ్యాక ఒక స్వీడన్ కంపెనీకి వంటింటి సామాను అమ్మే ఉద్యోగంలో చేరాడు. సియాటిల్‌లో ఏదో చిన్న కొట్టు కాఫీ వడకట్టే సామాను ఇంత పెద్ద లెక్కలో ఎందుకు ఆర్డరిస్తోందని ఆశ్చర్యపోయి, 1981లో చూడ్డానికి వచ్చాడు. ఏడాది వాళ్ల వెంటపడి 1982లో వాళ్ల దగ్గరే ఉద్యోగంలో చేరాడు. గుమాస్తాగా కాదులెండి, అమ్మకాల పెద్దగా.

1983లో పనిమీద ఇటలీ మిలాన్ వెళ్లాడు. అక్కడ వీధివీధినా ఎస్‌ప్రెసో బార్లు. కౌంటర్ వెనక ఉన్నాయన మిషన్ తిప్పుతూ, వచ్చినవాళ్లని పేరుపెట్టి పలకరిస్తూ కాఫీ అందిస్తున్నాడు. జనం నిలబడే తాగి, నాలుగు మాటలాడి వెళ్తున్నారు. మన ఇరానీ హోటల్ గుర్తొస్తుంది, కాకపోతే అక్కడ కూర్చోవడం లేదు. షుల్ట్జ్ తిరిగొచ్చి, మనం కప్పులో కాఫీ అమ్ముదాం అన్నాడు. ఓనర్లు వద్దన్నారు. చాలా పోరగా 1984లో డౌన్‌టౌన్‌లో కొత్తగా తెరిచిన ఆరో కొట్టులో ఒక మూల చిన్న బార్ పెట్టనిచ్చారు. జనం విరగబడ్డారు. అయినా ఓనర్లు వద్దనే అన్నారు. మేం గింజలు వేయించేవాళ్లం, హోటల్ వ్యాపారం మాకొద్దు అన్నది బాల్డ్విన్ పట్టు.

ఈ కథ చెప్పేటప్పుడు చాలామంది ఇక్కడ బాల్డ్విన్‌ని చూసి నవ్వుతారు, కళ్లముందున్న బంగారం కనబడలేదని. నాకు నవ్వు రాలేదు. మా కొట్టాయన్ని ఎవరైనా "ఇక్కడే పాలు కాచి కాఫీ కూడా అమ్మండి" అంటే ఏమనేవాడో నాకు తెలుసు. "అది హోటల్ వాళ్ల పని బాబూ" అని మర స్విచ్ వేసేవాడు. అది చేతకానితనమంటే నేనొప్పుకోను. తన పని ఎక్కడిదాకానో తెలిసిన మనిషి మాట అది. పైగా బాల్డ్విన్ పిసినారి కూడా కాదు. షుల్ట్జ్ 1985లో బయటికొచ్చి సొంత బార్ పెట్టుకుంటానంటే, స్టార్‌బక్స్ డబ్బులోంచే 1,50,000 డాలర్లు అందులో పెట్టాడు. తనకొద్దన్న పనికి, వెళ్లిపోతున్న ఉద్యోగికి అంత పెట్టుబడి ఇచ్చిన యజమానిని నేనైతే ఇంకెక్కడా చూళ్లేదు.

షుల్ట్జ్ పెట్టిన కొట్టు పేరు ఇల్ జోర్నాలే. మిలాన్‌లో ఒక దినపత్రిక పేరది. డబ్బు కోసం 242 మందిని అడిగితే 217 మంది లేదన్నారు. 1986 ఏప్రిల్లో డౌన్‌టౌన్‌లోని ఎత్తైన భవనంలో మొదటిది తెరిచాడు. మెనూ ఇటాలియన్‌లో, స్పీకర్లో ఆపెరా, పనివాళ్ల మెడకు బో టై, కూర్చోవడానికి కుర్చీ లేదు. సియాటిల్ జనం కుర్చీలేవయ్యా అన్నారు, ఈ పాటలేంటయ్యా అన్నారు. కుర్చీలొచ్చాయి, ఆపెరా పోయింది. ఇవాళ ప్రపంచమంతా చూస్తున్న రూపం ఆ కొట్లో పుట్టింది, వెస్టర్న్ అవెన్యూలో కాదు.

అటు బాల్డ్విన్ వాళ్లు 1984లోనే తమ గురువు పెట్టిన పీట్స్ కాఫీని కొనుక్కున్నారు. రెండింటినీ నడపడం, అప్పు మోయడం కష్టమైంది. సీగల్ అప్పటికే వెళ్లిపోయాడు. 1987లో స్టార్‌బక్స్‌ని అమ్మకానికి పెట్టారు: ఆరు కొట్లు, గింజలు వేయించే ప్లాంటు, పేరు. షుల్ట్జ్ మళ్లీ డబ్బు పోగేసి 38 లక్షల డాలర్లకు కొన్నాడు. మధ్యలో ఇంకో పెద్ద మదుపుదారు తన్నుకుపోబోతే బిల్ గేట్స్ తండ్రి, ఈ ఊళ్లోనే పేరున్న లాయరు, అడ్డుపడి షుల్ట్జ్‌కి దక్కేలా చూశాడు. అమ్మేసిన బాల్డ్విన్ ఎక్కడికెళ్లాడో చూడండి: పీట్స్ దగ్గరికి, గింజలు వేయించుకోవడానికి.

ఇప్పుడు చెప్పండి. చిన్న కొట్టు పెరిగి పెద్దదైందని కదా అందరం అనుకునేది. జరిగిందేమిటంటే, ఏడాదిన్నర కూడా నిండని ఒక కాఫీ బార్ పదహారేళ్ల కాఫీ పొడి కొట్టును కొని, తన పేరు తీసేసి దాని పేరు తగిలించుకుంది. రంగు మాత్రం తనదే ఉంచుకుంది. బోర్డు మీది పాత గోధుమరంగు మత్స్యకన్య బొమ్మ ఇల్ జోర్నాలే ఆకుపచ్చలోకి మారింది అప్పుడే. మీ మార్కెట్లో ఉన్న కొట్టు మీద ఇప్పటికీ ఆ పాత గోధుమరంగు మత్స్యకన్యే ఉండడం నాకు బాగా నచ్చే విషయం. మా మామగారు మటుకు ఒంటి మీద గుడ్డ లేని ఆవిణ్ణి చూసి, పక్కన మనవరాలుందని మొహం తిప్పుకున్నారు.

తర్వాతి కథ అందరికీ తెలిసిందే. 1988లో పార్ట్‌టైమ్ పనివాళ్లకూ హెల్త్ ఇన్సూరెన్స్, 1992లో 17 డాలర్ల ధరకు షేర్లు, అప్పటికి 140 కొట్లు. 1996లో టోక్యో, 2012లో టాటాలతో కలిసి ముంబై, రెండేళ్లకు హైదరాబాద్. ఇప్పుడు 40 వేలు దాటాయి. పడ్డ దెబ్బలూ ఉన్నాయి. ఇటలీ వాళ్లు తెచ్చిన ఎస్‌ప్రెసో ఎప్పట్నుంచో ఉన్న ఆస్ట్రేలియాలో 2008లో ఒకేసారి 61 మూసేశారు. మిలాన్‌లో తెరవడానికి మాత్రం ధైర్యం చాలడానికి 2018 దాకా పట్టింది, చూసొచ్చిన ముప్ఫై అయిదేళ్లకు.

ఇందులో నన్ను ఆపేసింది 2007లో షుల్ట్జ్ తన కంపెనీ పెద్దలకు రాసిన ఉత్తరం. ఆటోమేటిక్ మిషన్లు పెట్టాం, పని తొందరగా అవుతోంది కానీ అవి ఎత్తుగా ఉండి కాఫీ చేసేవాడి మొహం కనబడడం లేదు. గింజల్ని గాలి చొరని ప్యాకెట్లలో వేశాం, తాజాగా ఉంటున్నాయి కానీ కొట్లో వాసన పోయింది. ఆ ఉత్తరం సారాంశం ఇది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో, కాఫీ ఎలా చేయాలో పనివాళ్లకు మళ్లీ నేర్పడానికి అమెరికాలో 7,100 కొట్లు మూడున్నర గంటలు మూసేశారు. వాసన పోయిందని ఆయన బాధపడ్డది దేని గురించి? కాఫీ పొడి కొట్టు గురించే కదా! కొన్న కొట్టులోంచి ఆయన తెచ్చుకోలేకపోయింది, పేరూ బొమ్మా కాగా మిగిలింది, అదే. 2014లో ఇక్కడికి దగ్గర్లోనే క్యాపిటల్ హిల్ మీద పెద్ద రోస్టరీ కట్టారు, జనం కళ్లముందే గింజలు వేయించేలా. దాన్నీ 2025లో మూసేశారు.

ఇక మీ సంగతికొస్తాను. కంపెనీ వాళ్లకు కాకుండా మీకెందుకు రాస్తున్నానంటే, వాళ్ల కథ వాళ్లు తమకు నచ్చినట్టు చెప్పుకుంటారు, చెప్పుకోనివ్వండి. ఆ వీధి మీది. పాతవి కాపాడతామని మాటిచ్చింది మీరు.

1907లో మీ మార్కెట్ మొదలైంది ఉల్లిపాయల వల్ల. ధర ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరిగితే, దళారుల్ని తప్పించి రైతులే నేరుగా అమ్ముకోండని నగర కౌన్సిల్ వీధి చూపించింది. ఆగస్టు 17న రైతులు తెచ్చిన బళ్లు మధ్యాహ్నం కాకముందే ఖాళీ అయిపోయాయి. ఇది విన్నాక మామగారికి మీ మార్కెట్ మీద గౌరవం పెరిగింది. "మన రైతు బజారు 1999లో వచ్చింది. వీళ్లది దానికి తొంభై రెండేళ్లు పెద్ద" అని అక్కడికక్కడే లెక్క కట్టారు. ఉల్లిపాయ ధరకు ప్రభుత్వాలే పడిపోతాయని తెలిసిన దేశం మాది, అందుకని తొందరగా అర్థమైంది.

వెస్టర్న్ అవెన్యూ కొట్టు తెరిచిన ఏడాదే, 1971 నవంబర్లో, మార్కెట్‌ని పడగొట్టి పెద్ద భవనాలు కడతామన్న ప్లానును ఆపడానికి ఓటింగ్ జరిగింది. ఆర్కిటెక్ట్ విక్టర్ స్టైన్‌బ్రూక్ వెంట నడిచిన జనం మార్కెట్‌ని నిలబెట్టారు. ఆ గెలుపులోంచే 1973లో మీ సంస్థ పుట్టింది. చైన్ షాపులకు మార్కెట్లో చోటు లేదు, ఇక్కడ పుట్టినవాటికి తప్ప అని మార్కెట్ నిబంధన. అంటే స్టార్‌బక్స్ ఇవాళ అక్కడ ఉండగలుగుతున్నది, ప్రపంచమంతా ఎదిగిన చైన్ అని కాదు. ఒకప్పుడు గింజలు, మసాలాలు అమ్మిన ఆ కొట్టుకు వారసురాలని. మరి మినహాయింపు ఏ కొట్టు పేరు మీద ఇచ్చారో ఆ కొట్టు గురించి క్యూలో ఉన్నవాడికి తెలియాలా, వద్దా?

నేనడిగేది చిన్నది. క్యూ సాగే కాలిబాట పక్కన, చదవడానికి వీలైన ఎత్తులో, ఒక బోర్డు. నలభై నిమిషాలు నిలబడేవాడికి చదవడానికి టైముంటుంది. అందులో ఏం రాయాలో మామగారూ నేనూ కలిసి రాశాం, ఆయన రెండుసార్లు కొట్టేసి దిద్దారు:

"మొదటి కొట్టు ఇది కాదు. 1971 నుంచి 1976 దాకా 2000 వెస్టర్న్ అవెన్యూలో ఉండేది. ఇద్దరు మాస్టార్లు, ఒక రచయిత పెట్టారు. వేయించిన కాఫీ గింజలు, టీ, మసాలాలు అమ్మేవారు. కప్పులో కాఫీ అమ్మేవారు కాదు. పని బర్కిలీలో ఆల్ఫ్రెడ్ పీట్ దగ్గర నేర్చుకున్నారు. 1987లో, వాళ్ల దగ్గర పనిచేసి బయటికెళ్లి కాఫీ బార్లు పెట్టినాయన దీన్ని కొన్నాడు. మీకు తెలిసిన స్టార్‌బక్స్ అప్పుడు మొదలైంది."

ఇంతే. కంపెనీని ఒక్క మాట అనలేదు, గమనించండి. నాకు వాళ్లతో తగాదా లేదు. ఆఫీసుకెళ్తూ వారంలో మూడు రోజులు అక్కడే కొంటాను.

వీలైతే ఇంకో లైను కూడా. మీ మార్కెట్ నినాదం, "పండించినవాణ్ణి కలవండి" అని. క్యారెట్ల దగ్గర, తేనె దగ్గర అది నిజం. కాఫీ దగ్గర కుదరదు, ఈ రాష్ట్రంలో కాఫీ పండదు. కనీసం ఆ గింజలు ఎక్కణ్ణుంచి వచ్చాయో దేశం పేరైనా రాయొచ్చు. ఇథియోపియా రైతులు తమ ఊళ్ల పేర్లు యిర్గచెఫె, సిదామో, హరార్ తమవేనని ఒప్పించుకోవడానికి ఎంత కష్టపడ్డారో, 2007లో కంపెనీతో ఒప్పందం కుదిరేదాకా పత్రికల్లో వచ్చింది. మా అరకు కొండల్లో గిరిజన రైతులు మిరియం తీగలు పాకిన సిల్వర్ ఓక్ చెట్ల నీడన పండించే కాఫీకి ఆ ఊరి పేరు మీదే 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పారిస్‌లో ఆ పేరుతోనే కొట్టు కూడా తెరిచారు. మీ బోర్డు మీద అరకు రాయమని కాదు. ఎవరివి వస్తాయో వాళ్లది రాయండి.

మామగారు వెళ్లే ముందు మళ్లీ తీసుకెళ్లమన్నారు. ఈసారి క్యూలో నిలబడి కాఫీ కొనలేదు. గింజల ప్యాకెట్ ఒకటి కొన్నారు. ఇంటికొచ్చి మిక్సీలో వేసి, రాజమండ్రి నుంచి తెచ్చుకున్న చికోరీ అందులో కలిపి, మా ఆవిడ వద్దంటున్నా స్టీలు ఫిల్టర్‌కెత్తారు. ముప్పావుగంటకు డికాక్షన్ దిగింది. కాచిన పాలు పోసి గ్లాసులో తిరగబోసి నాకిచ్చి, "బాగా మాడ్చారు గింజల్ని, పీట్ శిష్యులు కదా" అన్నారు.

బోర్డు పెట్టాలంటే మీ నిబంధనల ప్రకారం ముందుగా ఎవరికి అర్జీ పెట్టుకోవాలో, ఏ ఫారం నింపాలో చెప్పండి. నింపి పంపిస్తాను. ఖర్చు ఎంతో చెబితే మా తెలుగువాళ్లం నలుగురం వేసుకుంటాం.

ఇట్లు,
రెడ్మండ్ నుంచి, మీ క్యూలో పాత మనిషి